కజ్బెక్ రాయి మీద చల్లిన నీళ్లు

బోధన్ బస్టాండులో నిజామాబాద్ బస్సు ఎక్కేసరికి ఉదయం ఏడు దాటింది. చేతిలో చక్రాల పెట్టె, భుజానికి సంచి. సంచిలో జొన్న రొట్టెలు, వెల్లుల్లి కారం, ఉన్ని సాక్సులు. కిటికీ పక్కన సీటు దొరికింది. మనసులోనే దేవునికి వందనం చెప్పుకున్నాను. ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ ఇస్తూ కండక్టరు నా పెట్టె వైపు చూశాడు.

"యాడికక్కా, గింత పెద్ద పెట్టె?"

"జార్జియా పోతున్న."

"అదేడుంటది? కామారెడ్డి దాటినంకనా?"

బస్సులో ముందు సీట్లవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నిజానికి ఆ దేశం ఎక్కడుందో రెండు నెలల కిందటి దాకా నాకూ తెలియదు.

ఈ ప్రయాణం ఎందుకు మొదలైందో ముందు చెప్పాలి. మా వాడకట్టులో లస్మవ్వ అని ఉంది. బియ్యం మిల్లులో కల్లం ఊడుస్తుంది. ఆమె మనవరాలు కీర్తనకు ఎనిమిదేళ్లు. మిల్లు బాయిలర్లో వడ్ల ఊక కాల్చి, ఆ బూడిదను ట్రాక్టర్‌తో వెనక పోస్తారు. పైకి అది చల్లగా, తెల్లగా, మట్టికుప్పలా కనిపిస్తుంది. వాన పడితే పెంకు కూడా కడుతుంది. లోపల మాత్రం వారాల తరబడి నిప్పు ఉంటుంది. అందుకే మిల్లులో పనిచేసే ఆడవాళ్లు ఆ దిక్కు పోవాలంటే చెంబుతో నీళ్లు తీసుకుపోతారు. అడుగు వేసే చోట చల్లుతారు. సుయ్ అంటే వెనక్కి వస్తారు. వేసవి పంట అప్పుడు కీర్తన మేకపిల్ల వెంట ఉరికి ఆ కుప్ప ఎక్కింది. రెండు కాళ్లూ చీలమండల దాకా దిగబడ్డాయి.

ఆ నొప్పి నాకు తెలుసు. ఆ వయసులోనే వర్ని దగ్గర ఇంకో మిల్లు వెనక నా ఎడమ కాలు అట్లానే దిగబడింది. నేను లేచి తిరిగేసరికి నా తోటి పిల్లలు మూడు తరగతులు ముందుకు పోయారు. బడికి పోనన్నాను. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని అక్షరాలు, లెక్కలు, దేశాల పటాలు అన్నీ ఇంట్లోనే చెప్పాడు. అంత మంచి బడి ఇంకెవరికీ దొరికి ఉండదు. ఇప్పటికీ ఆ కాలి చర్మం బిగుతుగా ఉంటుంది, చలికి వేళ్లు ముడుచుకుంటాయి.

కీర్తన పుండ్లు మానాయి. నిజామాబాద్ డాక్టరు చూసి, "ఇక నడవాలి. అరికాలు నేలకు ఆనించకపోతే చర్మం గుంజుకొని పాదం అట్లనే ముడుచుకుపోతుంది. దసరా సెలవులైనంక తీసుకురండి. అప్పటికీ నడవకుంటే కోసి చర్మం అతకాలె" అన్నాడు. పిల్ల కాలు కింద పెట్టలేదు. ఇల్లంతా పిర్రల మీద జరుగుతూ తిరిగేది. నిలబెట్టబోతే మోకాళ్లు పొట్టకు లాక్కొని కేకలు పెట్టేది. లస్మవ్వ ఎల్లమ్మకు మొక్కింది, నేను ప్రార్థన చేశాను.

ఆదివారం మధ్యాహ్నాలు మా అరుగు మీద వాడకట్టు పిల్లలకు కథలు చెబుతాను, తెలిసిన నాలుగు సంగతులు చెబుతాను. ఒక ఆదివారం అగ్నిపర్వతం బొమ్మ చూపించాను. భూమి లోపల రాయి కూడా కరిగేంత వేడి ఉంటుందని చెప్పాను. పెనంలో చెరుకు రసం కాగి కాగి పాకం అయినట్టు, లోపల రాయి పాకం అవుతుంది. దాంట్లో ఆవిరి ఇరుక్కుంటే బయటికి తోసుకొస్తుంది. ఒకసారి పాకం పొంగి వాలు మీద పారి గడ్డకడుతుంది. ఇంకోసారి బూడిద, రాతిముక్కలు ఎగిరి దాని మీద పడతాయి. మళ్లీ పాకం, మళ్లీ బూడిద. పొర మీద పొర పడి, వేల ఏళ్లకు పెద్ద శంకువులా లేస్తుంది కొండ. కొన్ని కొండలు ఆరిపోయాయి, ఇక లేవవు. కొన్ని నిద్రపోతున్నాయి. లోపల వేడి, నెత్తిన మంచు. చదువుకున్నవాళ్లు వాటి ఊపిరి వింటూ ఉంటారు.

కీర్తన గోడకు ఆనుకొని కూర్చుంది. లస్మవ్వే ఎత్తుకొచ్చి దింపింది.

"సుజాతవ్వా, గది పండుకున్నదా, సచ్చిపోయిందా?"

"పండుకున్నది బిడ్డా."

"మిల్లు కుప్ప గుడ పండుకున్నట్టే ఉండె."

పిల్లలందరూ నా ముఖం వైపు చూశారు.

"నువ్వు గా కొండ మీద కాలు వెడ్తవా?" అని కీర్తనే అడిగింది.

"వెడ్త."

"ఉత్తగ అంటున్నవ్."

"నిజంగ పెట్టొస్త."

"నువ్వు పెట్టొస్తే నేను గుడ పెడ్త," అంది.

మాటైతే ఇచ్చాను. రాత్రంతా భయం. షార్జాలో డ్రైవరు పని చేసే మా తమ్ముడు ప్రభుదాసు ఎన్నో ఏళ్లుగా "అక్కా, ఒక్కసారి బయటి దేశం చూపిస్త, రా" అని పిలుస్తున్నాడు. ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"అందరి అక్కలు బంగారం అడుగుతరు. నువ్వు అగ్గికొండ అడుగుతున్నవు," అన్నాడు. వారం తర్వాత వాడే చెప్పాడు, జార్జియాలో కాకసస్ అనే పెద్ద పర్వతాల వరుసలో కజ్బెక్ అనే కొండ ఉందని, షార్జా నుంచి విమానంలో నాలుగు గంటల లోపే పోవచ్చని, సెలవుల్లో గల్ఫ్ డ్రైవర్లు చాలామంది అక్కడికి పోతారని. అయిదు వేల మీటర్లకు పైన ఎత్తు. చివరిసారి పొంగింది క్రీస్తు పుట్టకముందట. వీసా, టికెట్లు వాడే చూసుకున్నాడు.

నిజామాబాద్‌లో బస్సు మారి, హైదరాబాద్ చేరేసరికి ఒంటిగంట. సిటీ బస్సులో విమానాశ్రయం. విమానంలో నా పక్క సీటతను సిరికొండ దగ్గరి మేస్త్రి, సెలవు ముగించుకొని పనికి పోతున్నాడు. నాకు బెల్టు పెట్టుకోవడం రాకపోతే, "గిట్ల అక్కా, టక్కుమనాలె" అని తనే పెట్టాడు. ఎక్కడికని అడిగితే కొండ సంగతి, కీర్తన సంగతి చెప్పాను.

"అగ్నిపర్వతమా? మేం పైసలకోసం మంటల్లకు పోతం. నువ్వు పైసలు పెట్టి పోతున్నవా!" అని నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపి, "పిల్ల నడుస్తదిలే అక్కా" అన్నాడు. ఆ మాట నాకు దారి పొడుగునా తోడుగా ఉంది. అతను చల్లగా ఉండాలి.

షార్జాలో ప్రభుదాసు కలిశాడు. చాయ తాగి ఇంకో విమానం. టిబిలిసిలో దిగేసరికి తెల్లవారింది. చలి ముఖానికి కొట్టింది. అక్కడి నుంచి చిన్న బస్సులూ ఉన్నాయి గానీ, తమ్ముడు జీపు మాట్లాడాడు. డ్రైవరు పేరు గియా. వాడికి ఇంగ్లీషు కొంచెం, మావాడికి కొంచెం. అయినా డ్రైవర్లిద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు.

కొండ కింది ఊరికి మూడు గంటల దారి అన్నారు, మాకు అయిదు పట్టింది. మొదట నీలం నీళ్ల జలాశయం, దాని ఒడ్డున పాత కోట. ఆ తర్వాత దారి మెలికలు తిరిగి పైకి లేచింది. సరిహద్దు దాటే లారీలు వరుసగా ఆగి ఉన్నాయి. కనుమ దగ్గర మంచు మొదలైంది. అక్టోబరులో ఇంత తొందరగా పడదని గియా గొణిగాడు. కిటికీలోంచి చూస్తే కొండవాలు మీద బూడిదరంగు రాతిపొడి, మిల్లు కుప్పలాగే. బూట్లలో నా కాలివేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి.

ఊళ్లో ఒక ముసలామె ఇంట్లో గది దొరికింది. గదికి, రాత్రి భోజనానికి కలిపి మన డబ్బుల్లో రెండున్నర వేలు. ఉడికించిన చిక్కుడు గింజలు లోపల పెట్టి రొట్టె కాల్చి పెట్టింది. మన భక్ష్యం లాంటిదే, తీపి బదులు ఉప్పు. ఆమె కిటికీ తెరిచి "కజ్బెక్" అని వేలు చూపించింది. అటు చూస్తే మబ్బు తప్ప ఏమీ లేదు.

ఆ రాత్రే ప్రభుదాసు చెప్పాడు. "రేపు పన్నెండింటికల్ల ఇక్కడికెళ్లి ఎల్లాలె. మంచు ఎక్కువైతే ఘాటు బంద్ జేస్తరట. రాత్రి విమానం. ఎల్లుండి డ్యూటీ ఎక్కకుంటే నా నౌకరి పోతది అక్కా."

పొద్దున ఎనిమిదింటికి జీపులో ఊరి పైనున్న గుట్ట ఎక్కాం. గుట్ట మీద పాత రాతి చర్చి. తలమీద కొంగు కప్పుకొని లోపలికి పోయాను. అక్కడివాళ్లు కొవ్వొత్తులు వెలిగించి, దేవుని పటాలను ముద్దు పెట్టుకుంటున్నారు. మా చర్చిలో ఆ పద్ధతి లేదు. ఒక మూల నిలబడి తలవంచుకున్నాను. ఇంత దూరం తెచ్చినందుకు వందనం, ఇంక కొంచెం దూరం తీసుకుపో అని అడిగాను.

బయటికి రాగానే ప్రభుదాసు ఫోన్ పట్టుకొని సిద్ధంగా ఉన్నాడు. "ఇగ బూటు ఇప్పు అక్కా. వీడియో తీస్త."

ఒంగాను. ఎందుకో ఆగి గియాను అడగమన్నాను, ఈ గుట్టేనా అగ్నిపర్వతం అని. గియా తల అడ్డంగా ఊపాడు. ఈ గుట్ట వేరట. కజ్బెక్ అదిగో అని మబ్బులోకి చెయ్యి చూపించాడు. దాని మీదికి పోవాలంటే తాళ్లు, ముళ్ల బూట్లు, రోజుల నడక కావాలట.

"పోనీ తియ్యి," అన్నాడు తమ్ముడు. "ఆ కొండకు ఈ గుట్ట ఆనుకునే ఉన్నది గద. పిల్లకు ఏం తెలుస్తది?"

"పిల్లకు తెల్వదు. నాకు తెలుస్తది గద."

"ఇంత మందిల నీకొక్కదానికే అచ్చిందా నీతి, నియత్!"

"దాసూ, ఆ పిల్ల నా మాట మీద కాలు పెడ్తనన్నది. అబద్ధం మీద కాలు పెట్టిస్తనా?"

వాడు అటు తిరిగి నిలబడ్డాడు. కోపం వస్తే వాడు చిన్నప్పటి నుంచీ అట్లానే తిరుగుతాడు. కాసేపటికి వాడే గియా దగ్గరికి పోయి చేతులు ఊపుతూ ఏదో మాట్లాడాడు. గియా ఆకాశం చూశాడు, గడియారం చూశాడు. ఆ కొండ కరిగించి పంపిన రాయి ఒకప్పుడు కింది లోయలోకి వాగులా పారి గడ్డకట్టిందని, ఆ నల్లరాతి అంచు దాకా కాలిబాట ఉందని చెప్పాడు. పోవడానికి గంట, రావడానికి గంట. పదకొండు దాటితే తాను ఆగనన్నాడు. పదింటికి హారన్ కొడతాను, వినగానే వెనక్కి తిరగండి అన్నాడు.

నడిచాం. బాట సన్నం, ఒకవైపు లోయ. మబ్బు దిగి వచ్చి పది అడుగుల ముందున్న తమ్ముడు కూడా మసకైపోయాడు. సన్నగా మంచు మొదలైంది. చలికి ఎడమ పాదం కొయ్యలా అయింది. కుంటుతూ నడుస్తుంటే వాడు వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. కోపం ఎప్పుడో పోయినట్టుంది.

అప్పుడు బాట మీద ఆ వాలు వచ్చింది. పైనుంచి కిందిదాకా జారిన రాతిపొడి. తెల్లటి బూడిదరంగు, పైన పెంకు కట్టినట్టు. దానికి అవతలే నల్లరాయి కనబడుతోంది. తమ్ముడు దాని మీద నాలుగు అడుగులు వేసి, వెనక్కి చూశాడు.

"రా అక్కా."

నా కాలు కదలలేదు.

"అక్కా, టైము లేదు!"

తెలుసు. ఆ రాతిపొడి ఎన్ని వేల ఏళ్ల కింద చల్లారిందో కూడా తెలుసు. అయినా ఆ వాలు అంచునే ఆగిపోయాను. పిల్లకు ధైర్యం తీసుకుపోదామని వచ్చాను గానీ, నా దగ్గరే అది లేదని అప్పుడు తెలిసింది. యాభై రెండేళ్ల మనిషిని, మంచు పడుతుంటే బూడిదకు భయపడుతూ నిలబడ్డాను. ప్రభువా, కాలు నువ్వే ఎత్తు అన్నాను.

లేచింది కాలు కాదు, చెయ్యి. సంచిలోంచి నీళ్ల బాటిల్ తీసి, మూత విప్పి, ముందు చల్లింది. మిల్లులో లస్మవ్వ చల్లినట్టే. చెవి పెట్టి విన్నాను. ఏ చప్పుడూ లేదు. అడుగు వేశాను. మళ్లీ చల్లాను.

ప్రభుదాసు అవాక్కయి చూశాడు. "ఓ తల్లి, మంచుల నీళ్లు సల్లుతున్నవా!" అన్నాడు. కానీ నవ్వలేదు. నేను వాలు దాటేదాకా చెయ్యి చాపి అట్లానే నిలబడ్డాడు.

నల్లరాయి గరుకుగా ఉంది. బెల్లం గడ్డ విరిస్తే లోపల కనబడే బొక్కల్లాంటి చిన్న చిన్న బొక్కలు. పాకంలోంచి ఆవిరి పోయిన గుర్తులు. ఎడమ బూటు విప్పాను, సాక్సు తీశాను. రాయి మీద నీళ్లు చల్లాను. చప్పుడు లేదు. ఇంకోసారి చల్లాను. తర్వాత అరికాలు ఆనించాను.

కాలిందేమో అనిపించేంత చల్లగా ఉంది. ఏడుపు ఆగలేదు.

"ఫోను సచ్చిపోయింది!" అని అరిచాడు తమ్ముడు. చలికి దానంతటదే ఆగిపోయింది. జేబులో పెట్టి వెచ్చబెట్టాడు, నోటితో ఊదాడు. లేవలేదు. నా ఫోన్ జీపులో ఛార్జింగ్‌కు పెట్టి వచ్చాను. పైనుంచి గియా హారన్ మోగింది. మళ్లీ మోగింది. ఆ రాతిలోంచి ఒక ముక్క తీసుకుపోదామా అనిపించింది. కొండది కొండ దగ్గరే ఉండనీ అని, ఒక్కసారి చేత్తో తడిమి వదిలేశాను.

గియా జీపు తిప్పి పెట్టుకొని, ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. మమ్మల్ని చూసి తిట్టాడో, దీవించాడో అర్థం కాలేదు. నా తడి కాలు చూసి హీటర్ గాలి కిందికి తిప్పాడు. కనుమ దగ్గర లారీలను ఆపేస్తున్నారు. చిన్న బండ్లను ఇంకా వదులుతున్నారు. మా ముందు పది బండ్లు, తర్వాత అయిదు, తర్వాత మేము. పోలీసు చెయ్యి ఊపి మమ్మల్ని పంపాడు. వెనక్కి చూస్తే దారి కనబడలేదు. టిబిలిసిలో విమానం దొరికింది. ప్రభుదాసు షార్జాలో దిగి ఇంటికి కూడా పోకుండా డ్యూటీకి పోయాడు. పోయేముందు నా పాదాలు చూసి, "బూటు మంచిగ తొడుక్కో అక్కా" అని మాత్రం అన్నాడు.

మీలో ఎవరైనా పోదలచుకుంటే సెప్టెంబరు దాటనివ్వకండి. ఆకాశం తేటగా ఉండే రోజు కోసం రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. రెండో ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి. నేను మాత్రం ఆ కొండ దాకా పోయి, దాని ముఖం చూడకుండానే వచ్చాను. మబ్బు ఒక్కసారి కూడా తొలగలేదు. కీర్తన అడిగింది దాని ముఖం చూడమని కాదు గనుక కొరత లేదు.

హైదరాబాద్ నుంచి నిజామాబాద్ బస్సులో కునుకు పట్టలేదు. ఏం చూపించాలి? చేతిలో ఏమీ లేదు. బోధన్ బస్సులో నా పక్కన పసుపు కొమ్ముల సంచితో ఒక రైతమ్మ కూర్చుంది. "యాడికెళ్లి అత్తున్నవు?" అంటే, "ఊరికెళ్లి" అన్నాను. చెరుకు తోటలు, వరి కోతలు, దూరంగా మిల్లుల పొగ. ఆ మిల్లుల వెనక ఎన్ని కుప్పలు నిద్రపోతున్నాయో అనిపించింది. మర్నాడే డాక్టరు దగ్గరికి పోవాల్సిన రోజు.

సాయంత్రం నాలుగింటికి లస్మవ్వ ఇంటికే నేరుగా పోయాను. కీర్తన గడప లోపల కూర్చొని ఉంది. నన్ను చూడగానే మోకాళ్లు దగ్గరికి లాక్కుంది.

"పెట్టినవా?"

"పెట్టిన."

"ఫోటో?"

"తీయలే బిడ్డా. చలికి ఫోన్ ఆగిపోయింది."

"రాయి తెచ్చినవా?"

"తేలే."

లస్మవ్వ ముఖం వాడిపోయింది. "గిదేంది సుజాతా! గంత దూరం పోయి ఒక్క రాయన్న తేవద్దా? పిల్లకు ఏం జూపిద్దాం?" అని గొంతు తగ్గించి అంది.

కీర్తన నా ముఖం చూడడం లేదు, నా కాళ్లు చూస్తోంది.

"పెట్టేముందు ఏం జేసినవ్?"

"నీళ్లు సల్లిన."

లస్మవ్వ నా వైపు చూసింది.

"సుయ్ అన్నదా?"

"అనలే. అయినా ఇంకోసారి సల్లిన."

"అనకపోతే ఇంకోసారి ఎందుకు?"

"భయమైంది బిడ్డా. చానా భయమైంది."

కీర్తన తన అరికాలు ఒకసారి తడుముకుంది. బయట ఎవరో బండి తోలుకుపోయారు. ఆ తర్వాత వాళ్ల అవ్వ వైపు చెయ్యి చాపింది.

"చెంబు ఇయ్యి."

లస్మవ్వ నిండుగా ముంచి ఇచ్చింది. పిల్ల కూర్చున్న చోటి నుంచే గచ్చు మీద చల్లింది. చెవి వంచి విన్నది. మేమూ విన్నాం, ఊపిరి బిగబట్టి. ఇంకోసారి చల్లింది. కుడి కాలు చాపింది. ముందు బొటనవేలు, తర్వాత మిగతా వేళ్లు. మడమ గాలిలోనే వణికింది. నేను చెయ్యి చాపబోయి, చాపలేదు. మడమ మెల్లగా తడి మీదికి దిగింది. పెదవి కొరుక్కుంటూ గడప పట్టుకొని లేచింది. ముందు ఇంకొన్ని నీళ్లు చల్లింది, ఎడమ కాలు పెట్టింది. లస్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. గడప నుంచి పొయ్యి దాకా గచ్చంతా తడిసింది. దాని మీద చిన్న చిన్న పాదాల గుర్తులు, ఒక్కొక్కటీ నిండుగా, మడమతో సహా.

పొయ్యి దగ్గర ఆగి, చెంబు బోర్లించి చూపించింది.

"సుజాతవ్వా, నీళ్లు ఒడ్సినయ్. ఇంకో చెంబు తే."